పేరు తెలియని ఆఫీసరుకు అర్జీ

కొత్త పాఠకుల కోసం నా గురించి రెండు మాటలు. హనుమకొండలో ఒక సర్కారు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అందులో పదకొండేళ్లు ఇన్‌వార్డ్ టేబుల్ నాదే. పొద్దున వచ్చిన తపాలు ముందేసుకుని, ఒక్కో కవరు కత్తిరించి, చదివి, నంబరు వేసి, ఏ సెక్షన్‌కు పోవాలో మూలన రాసి పంపే పని అది. అర్జీ ఎట్లా రాయాలో చెప్పేవాళ్లు కలెక్టరేట్ ముందర చెట్టుకొకరు ఉంటారు. వాటిని చదివినవాళ్ల మాట కూడా వినాలి కదా అని ఎడిటర్ గారు నాకు ఈ పేజీ ఇచ్చారు. ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే దాని చుట్టూ తిరిగాయి: పేరు తెలియని ఆఫీసర్‌కు ఎట్లా రాయాలి? ముందు ఆ సంగతే చూద్దాం.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది పరకాల మండలం. మా తాత భూమికి 1954-55 ఖాస్రా పహాణీ (అప్పటి భూమి రికార్డు) నకలు కావాలి. తహసీల్దార్‌కు అర్జీ పెట్టుకోమని తెలిసినవాళ్లు చెప్పారు. అక్కడ ఇప్పుడున్నది సారో మేడమో మాకు తెలియదు. నేను ‘అయ్యా’ అని రాస్తే మా తమ్ముడు, ‘మేడమైతే కోపమొస్తది, అర్జీ పక్కన పడేస్తది’ అని టెన్షన్ పెడుతున్నాడు. ఫోన్‌లో వెతికితే ‘డియర్ హైరింగ్ మేనేజర్’ అని రాయమంటోంది. ఇప్పటికే మూడు తెల్లకాగితాలు ఖరాబు చేశాను. అర్జీ ఎట్లా మొదలుపెట్టాలి?
— డిగ్రీ అయిపోయిన ఒక అమ్మాయి

జవాబు: మూడు కాగితాలేగా బిడ్డా! కొట్టివేతలతో, చాయ్ మరకలతో నా టేబుల్ మీదికొచ్చిన అర్జీలకు లెక్కలేదు. వాటికీ నంబరు పడింది. నాలుగో కాగితం తీసుకో, చెప్తాను.

నీకు తహసీల్దార్ పేరుతో పనే లేదు. చాలా ఆఫీసుల్లో పెద్ద ఆఫీసర్ కుర్చీ వెనక గోడకు ఒక పొడుగు బోర్డు ఉంటుంది, ఎప్పుడైనా చూశావా? ఆ కుర్చీలో ఇప్పటిదాకా కూర్చున్నవాళ్ల పేర్లు, పక్కన ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారో తారీఖులు. కొందరికి మూడేళ్లు, కొందరికి మూడు నెలలు. నేను చూసిన ఒక బోర్డు నిండిపోతే దాని కింద ఇంకో చెక్క కలిపి మేకులు కొట్టారు. నువ్వు అర్జీ పోస్టు చేసిన రోజు నుంచి అది చేరే రోజులోపు ఆ చెక్క మీద కొత్త పేరు ఎక్కొచ్చు. నీ నకలు మీద సంతకం పెట్టే అధికారం ఆ పేర్లలో ఏ ఒక్కరికీ సొంతం కాదు, అది కుర్చీది. అందుకే కుర్చీకి రాయి. ‘తహసీల్దార్ గారికి’ అంటే చాలు.

పేరు కూడా రాస్తే ఇంకా మర్యాదగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఒక్కోసారి దానివల్ల నష్టమే. కవరు మీద మొదట మనిషి పేరు, దాని కింద హోదా ఉంటే మేము దాన్ని విప్పేవాళ్లం కాదు. ఆఫీసర్‌కు వచ్చిన సొంత ఉత్తరమేమో అని వేరే ట్రేలో పెట్టేవాళ్లం. పాపం, ఒక పెన్షనర్ పెద్దమనిషి ఎవరినో అడిగి ఆఫీసర్ పూర్తి పేరు కనుక్కున్నారు. డిగ్రీలతో సహా గుండ్రటి అక్షరాలతో రాసి పంపారు. ఆ ఆఫీసర్ అప్పటికే బదిలీ మీద పోయారు. కవరు కూడా విప్పకుండా ఆయన వెనకాలే ఇంకో జిల్లాకు పోయింది. అక్కడ కొన్నాళ్లు పడి ఉండి మళ్లీ మా దగ్గరకు వచ్చేసరికి నాలుగు నెలలైంది. అంతగా శ్రద్ధ పెట్టి రాసిన మనిషికే అట్లా జరిగింది. నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది, ఎందుకంటే ఆ ట్రేలో పెట్టింది నేనే.

ఇక మీ తమ్ముడి భయం సంగతి. సారా, మేడమా అన్న చిక్కు ఇంగ్లీషు ఉత్తరానిది. వాళ్లు ‘సర్’ అనో ‘మేడం’ అనో తేల్చుకుని పిలవాలి, తేల్చుకోలేకపోతే రెండూ రాయాలి. మనకు ‘గారు’ ఉంది. ఆడా మగా అని గారు అడగదు. ‘తహసీల్దార్ గారు వచ్చారు, కాగితం చూశారు, సంతకం పెట్టారు’ అన్నాననుకో, వచ్చింది ఎవరో చెప్పు చూద్దాం? మర్యాదగా మాట్లాడినంతసేపూ మన క్రియ కూడా ఆ గుట్టు విప్పదు. ‘ఆయన’, ‘ఆమె’ అన్నప్పుడే బయటపడుతుంది. అర్జీలో ఆ మాటల అవసరమే రాదు, ‘తమరు’ అంటే సరిపోతుంది. కాబట్టి ‘గౌరవనీయులైన తహసీల్దార్ గారికి’ అని రాసి, నేరుగా విషయంలోకి వెళ్లు. మధ్యలో ‘అయ్యా’ లేకపోతే అర్జీ కాకుండా పోదు.

‘సర్’ని తెలుగు చేసుకుని మనం ‘అయ్యా’ పెట్టుకున్నామని నా లెక్క. అది లేకుండా చెయ్యి సాగదు అనిపిస్తే ‘అయ్యా/అమ్మా’ అని రాయి, తప్పులేదు. నాకు మాత్రం ఆ గీత చూస్తే ఫారాల్లో ఉండే ‘వర్తించనిది కొట్టివేయండి’ గుర్తొస్తుంది. ‘శ్రీయుత’, ‘మహాశయా’ కూడా మగవాళ్లకు రాసే మాటలే, వాటినీ వదిలెయ్.

ఒకవేళ ‘అయ్యా’ అని రాసేశావే అనుకో, ఏమీ కాదు. నేను ఇద్దరు లేడీ ఆఫీసర్ల దగ్గర పనిచేశాను. ఒకరు ఆ మాటను చూసేవారే కాదు. ఇంకొకరు ఎర్ర పెన్నుతో ‘అయ్యా’ చుట్టూ సున్నా చుట్టి, నా దిక్కు చూసి నవ్వి, కింద సంతకం పెట్టేవారు. అర్జీదారు పని మాత్రం ఆగలేదు.

నేను చూసినంతలో అర్జీలు దారి తప్పేది చిరునామా దగ్గర, అందులోనూ జిల్లా పేరు దగ్గర. మీ పరకాలనే తీసుకో. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడగొట్టేదాకా వరంగల్ జిల్లా. ఆ తర్వాత వరంగల్ రూరల్. 2021 ఆగస్టులో రూరల్ కాస్తా వరంగల్ జిల్లా అయింది, అర్బన్ కాస్తా హనుమకొండ జిల్లా అయింది, మీ పరకాల వచ్చి హనుమకొండలో కలిసింది. కమలాపూర్ వాళ్ల కథ ఇంకా తమాషా. కూర్చున్న గద్దె మీంచి లేవకుండానే కరీంనగర్ జిల్లా నుంచి వరంగల్ అర్బన్‌కు, అక్కడినుంచి హనుమకొండకు వచ్చారు. పాత కాగితాలన్నీ ‘వరంగల్ జిల్లా’ అనే చెప్తాయి కాబట్టి జనం చూసి అదే దించుతారు. తహసీల్దార్‌కు రాసేటప్పుడు మండలం పేరు కాపాడుతుంది. కలెక్టర్‌కు రాసేటప్పుడే ప్రమాదం. నర్సంపేట, వర్ధన్నపేట, పర్వతగిరి వాళ్లకు వరంగల్ కలెక్టర్. పరకాల, ఆత్మకూరు, శాయంపేట, హసన్‌పర్తి వాళ్లకు హనుమకొండ కలెక్టర్. అర్జీ పక్క జిల్లాలో పడితే వాళ్లు పారెయ్యరులే. ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి ఇటు పంపుతారు. ఆ ‘నిమిత్తం’లో ఎన్ని వారాలు పోతాయో మాత్రం అడగకు.

ఇంకో మాట, మీ ఊళ్లో అందరూ ఇంకా ‘ఎమ్మార్వో’ అనే అంటుంటారు. 1985లో మండలాలు వచ్చినప్పుడు పెట్టిన పేరు అది. కుర్చీ మళ్లీ పాత పేరుకే, తహసీల్దార్‌కే, వచ్చేసింది. నోటితో ఏమైనా అను, కాగితం మీద మాత్రం తహసీల్దార్ అని రాయి.

మొత్తం కలిపితే నీ కాగితం ఇట్లా ఉంటుంది:

గౌరవనీయులైన తహసీల్దార్ గారికి,
పరకాల మండలం, హనుమకొండ జిల్లా.

విషయం: ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరుకు 1954-55 ఖాస్రా పహాణీ నకలు ఇప్పించుట గురించి.

పై భూమి మా తాతగారైన ఫలానా వారి పేరు మీద ఉండేది. దాని ఖాస్రా పహాణీ నకలు మాకు అవసరం ఉన్నది. అందుకు కట్టవలసిన రుసుము కడతాము. నకలు ఇప్పించగలరని కోరుతున్నాను.

ఇట్లు
తమ విధేయురాలు
(సంతకం, పేరు, ఊరు, ఫోన్ నంబరు, తారీఖు)

చూశావుగా, ఇంతే. ‘తమ దివ్యసముఖమునకు సాష్టాంగపడి విన్నవించుకొనునదేమనగా’ అని మొదలుపెడితే విషయం మూడో లైనుకు జారుతుంది. చదివేవాళ్లు ముందు ‘విషయం’ పక్కనున్న ముక్కనే చూస్తారు. చాలాసార్లు నేను సెక్షన్ పేరు రాసింది ఆ ఒక్క లైను చదివే. సర్వే నంబరు అందులోనే పడేటట్టు చూసుకో.

‘విధేయురాలు’ అని ఎందుకు గీతగీసి చెప్పినట్టు రాశానంటే, ఎదుటివాళ్లు సారా మేడమా అని ఇంత ఆలోచించే ఆడపిల్లలు ఎవరి అర్జీయో చూసి రాస్తూ తమ పేరు పైన ‘తమ విధేయుడు’ అని దించేస్తారు. నెలకు పది అయినా చూసేదాన్ని. ‘భవదీయ’ అని రాస్తే ఆ గొడవ కూడా ఉండదు.

ప్రశ్న: మా కాలనీలో మోరీ పొంగుతోంది. ఎవరి పనో తెలియక ‘సంబంధిత అధికారి గారికి’ అని రాసి ముఖ్యమంత్రి దగ్గరి నుంచి వార్డు ఆఫీసు దాకా ఎనిమిది మందికి కాపీలు పెట్టాం. రెండు నెలలైంది, ఒక్క జవాబు లేదు.
— కాలనీ కమిటీ సభ్యుడు

జవాబు: ‘సంబంధిత అధికారి’ అన్న ఆయన నాకు ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా ఎదురుపడలేదండీ. ఆ పేరు మీద వచ్చిన కాగితం ఏ సెక్షన్‌కు పంపినా ‘మాకు సంబంధం లేదు’ అని తిరిగొచ్చేది. ఎనిమిది మందికి పంపారు కదా, కింద కాపీల లిస్టు చూసి ఒక్కొక్కరూ మిగతా ఏడుగురూ చూసుకుంటారులే అనుకుని ఉంటారు. పెళ్లిలో వడ్డన అందరి మీదా పెడితే చివరి బంతికి పప్పు రాదు, అదే సంగతి.

మోరీ పని మున్సిపాలిటీది, అక్కడ పెద్ద కుర్చీ కమిషనర్‌ది. ‘మున్సిపల్ కమిషనర్ గారికి’ అని ఒక్కరికే రాయండి. ఒక వ్యక్తి స్వయంగా పోయి ఇన్‌వార్డ్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, నంబరు, తారీఖు వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే మీరు రాసినట్టే లెక్క కాదు. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే, ఆ నంబరు ‘సూచిక’ దగ్గర రాసి, సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. అప్పుడు ఎవరిని అడగాలో కలెక్టర్ గారికి కాగితమే చెప్తుంది.

ఇంగ్లీషులో దీనికి ‘టు హూమ్ ఇట్ మే కన్సర్న్’ అని ఒకటుంది. అది పనికొచ్చే చోటు ఒకటే: కాలేజీ ఇచ్చే బోనఫైడ్, కంపెనీ ఇచ్చే ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ లాంటివి. ఆ కాగితం రేపు బ్యాంకులో చూపిస్తారో, పాస్‌పోర్టు ఆఫీసులో చూపిస్తారో ఇచ్చేవాళ్లకు తెలియదు కాబట్టి అట్లా రాస్తారు. పని కావాలని అడిగే కాగితం మీద ఆ మాట వద్దు.

ప్రశ్న: ఆంటీ, నేను వరంగల్‌లో బీటెక్ ఫైనలియర్. జర్మనీలో ఎంఎస్‌కు అప్లై చేస్తున్నాను. యూనివర్సిటీ అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టాలి, ఎవరు చదువుతారో తెలియదు. ‘రెస్పెక్టెడ్ సర్’ అని టైప్ చేస్తే మా సీనియర్ నవ్వాడు. ‘డియర్’ అని మారిస్తే మా నాన్న ‘ముక్కూమొహం తెలియని వాళ్లకు డియర్ ఏందిరా’ అంటున్నారు.

జవాబు: మీ నాన్నగారి బాధ నాకు అర్థమైంది. ‘ప్రియమైన తహసీల్దార్ గారికి’ అని ఒక అర్జీ నిజంగానే మా ఆఫీసుకు వచ్చింది. ఎవరో ఇంగ్లీషు నమూనా చూసి తెలుగు చేసినట్టున్నారు. ఆ రోజు ఆఫీసు ఆఫీసంతా అది చేతులు మారింది. ఇంగ్లీషు ఉత్తరంలో మాత్రం ‘డియర్’లో ప్రేమేమీ లేదు నాయనా, అది తలుపు తట్టడం లాంటిది. ‘రెస్పెక్టెడ్ సర్’ మన బడుల్లో సెలవు చీటీతో నేర్చుకున్నది, అక్కడ అది వింతగా వినిపిస్తుంది.

పేరు తెలియనప్పుడు ‘డియర్ సర్ ఆర్ మేడం’ పాత పద్ధతి, ఇప్పటికీ చెల్లుతుంది. దానికంటే ‘డియర్ అడ్మిషన్స్ టీమ్’ అనడం మేలు. అదీ మళ్లీ కుర్చీకి రాయడమే, పైన పరకాల అమ్మాయికి చెప్పింది చదువు. ‘డియర్ హైరింగ్ మేనేజర్’ ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు రాసేది. చివర్లో ఒక లెక్క ఉంది: పేరు లేకుండా మొదలైన ఉత్తరం ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’తో ముగుస్తుంది, పేరుతో మొదలైతే ‘యువర్స్ సిన్సియర్లీ’. ఇది బ్రిటిష్ వాళ్ల పద్ధతి, మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో స్కేలు పట్టుకుని మరీ నేర్పారు. మెయిళ్లలో ఇప్పుడు ఎవరూ అంత పట్టించుకోవడం లేదు, ‘కైండ్ రిగార్డ్స్’ అన్నా సరిపోతుంది.

జర్మన్‌లోనే రాయాల్సి వస్తే, పేరు తెలియనివాళ్లకు ‘జేర్ గేఏర్టె డామెన్ ఉంట్ హెరెన్’ అని మొదలుపెడతారు. గౌరవనీయులైన స్త్రీలకు, పురుషులకు అని అర్థం. స్త్రీలు ముందు ఉన్నారు, గమనించావా?

ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆఫీసుకైతే పేరు లేకుండా రాయొచ్చు గానీ ప్రొఫెసర్‌కు అట్లా రాయకు. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వాళ్ల పేరు ఉంటుంది. నువ్వు వెతకలేదని చదివినవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. పేరు చూసి ఆడో మగో తేలకపోతే కంగారు లేదు, ‘డియర్ ప్రొఫెసర్’ అని పక్కన వాళ్ల ఇంటిపేరు పెట్టు. ఇంటిపేరు వాళ్లకు చివర ఉంటుంది, మనకు ముందుంటుంది, అది తారుమారు చెయ్యకు. ప్రొఫెసర్, డాక్టర్ అనే మాటలు మన ‘గారు’ లాంటివే.

ప్రశ్న: సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. ఆ ఆఫీసులో సమాచార అధికారి ఎవరో చెప్పడం లేదు. పేరు లేకుండా పంపితే తిప్పి పంపుతారా?
— ఒక పాఠకుడు, మహబూబాబాద్ జిల్లా

జవాబు: తిప్పి పంపే వీలు లేదు. 2005 నాటి చట్టమే కుర్చీ పేరు పెట్టి ఇచ్చింది. ‘పౌర సమాచార అధికారి గారికి’ అని రాసి, కింద ఆఫీసు పేరు, ఊరు రాయండి. ప్రతి ఆఫీసూ ఆ అధికారి పేరు, హోదా తానే బయటపెట్టాలని నాలుగో సెక్షన్‌లో ఉంది. గోడ మీద బోర్డు వెతికి చూడండి, ఒక్కోసారి బీరువా వెనక ఉంటుంది.

సమాచారం వేరే ఆఫీసు దగ్గర ఉంటే, అందినవాళ్లే 6(3) ప్రకారం ఐదు రోజుల్లోపు అక్కడికి పంపి మీకు తెలియజెయ్యాలి. అంటే తప్పు తలుపు తట్టినా మీ కాగితం చచ్చిపోదు. మామూలు అర్జీకి లేని వైభోగం ఇది. ఎందుకు కావాలో కారణం చెప్పక్కర్లేదు, 6(2) చూడండి. జవాబుకు గడువు 30 రోజులు. రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లరేషన్ కార్డు ఉన్న పేదలకు అదీ లేదు, కార్డు నకలు జతచెయ్యండి.

ప్రశ్న: రిజిస్టర్ పోస్టు ఎత్తేశారంటున్నారు. ఇక అర్జీ అందినట్టు రుజువు ఎట్లా?

జవాబు: ఎత్తెయ్యలేదు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. రసీదు మీది నంబరుతో ఎక్కడిదాకా పోయిందో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఆ రసీదును అర్జీ కాపీకి పిన్ను కొట్టి దాచండి. అక్షరాలు చెరిగిపోతాయి కాబట్టి ఒక ఫొటో తీసుకోండి.

కవరు మీద పిన్‌కోడ్ తప్పకుండా రాయండి. 1972 నుంచి ఉన్నా మనవాళ్లు ఇప్పటికీ వదిలేస్తారు. హనుమకొండ 506001, వరంగల్ 506002, కాజీపేట 506003, పక్కపక్కనే ఉన్నా మూడూ వేరు. ఇక ఆత్మకూరు పేరు చెప్పండి, మన జిల్లాలో ఒకటి, వనపర్తి జిల్లాలో ఒకటి, నెల్లూరు జిల్లాలో ఇంకొకటి. ఆఫీసర్ పేరు లేకపోయినా కవరు చేరుతుంది గానీ పిన్‌కోడ్ లేని ఆత్మకూరు కవరుకు దేశాటనం రాసిపెట్టి ఉన్నట్టే.

ప్రశ్న: నేను నర్సంపేటలో తెలుగు టీచర్ని. మా ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో తాతగారి కాగితాలు దొరికాయి. ఒకదాని మీద ‘మ.రా.రా.శ్రీ’ అని ఉంది. ఉర్దూలో ఉన్న ఇంకో దరఖాస్తు చదివించుకుంటే ‘బఖిద్మత్ జనాబ్ తహసీల్దార్ సాహబ్’ అని మొదలైందన్నారు. పిల్లలకు లేఖారచనలో ఇవి చెప్పొచ్చా?

జవాబు: తప్పకుండా చెప్పండి, రాయమని మాత్రం అనకండి. మ.రా.రా.శ్రీ అంటే మహారాజ రాజశ్రీ. పేరు వినగానే ఎవరో సంస్థానాధీశులు అనుకుంటాం గానీ ఒక కాలంలో మామూలు గృహస్థుల పేర్ల ముందు కూడా అదే పెట్టేవాళ్లు.

రెండోది నాకు బాగా దగ్గరి సంగతి. 1948 దాకా మన దగ్గర ఆఫీసు భాష ఉర్దూ. మా తాత రెండు ముక్కల దరఖాస్తు కోసం ఉర్దూ వచ్చిన మున్షీ దగ్గరికి పోయి కూర్చునేవాడట. బఖిద్మత్ జనాబ్ అంటే ‘అయ్యగారి సేవకు’ అని. చూడండి, అందులోనూ మనిషి పేరు లేదు, తహసీల్దార్ అన్న కుర్చీయే ఉంది. ‘సాహబ్’ అనడానికి అప్పుడు ఆలోచించాల్సిన పని లేకపోయింది, ఆ కుర్చీలో ఆడవాళ్లు కూర్చునే రోజులు కావు. సర్కారు మారింది, భాష మారింది, దరఖాస్తు, అర్జీ, దస్తకత్, తహసీల్ ఇక్కడే ఉండిపోయాయి. హనుమకొండలో మన కలెక్టరేట్ ఉన్న చోటు పేరు సుబేదారి, అది నిజాం కాలం నాటి సుబేదార్ కుర్చీ పేరే. ఆ సుబేదార్ల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? మీ పిల్లల చేత ఆ ఉర్దూ దరఖాస్తును ఇవాళ్టి తెలుగులో తిరగరాయించండి. మార్కులు నేనేస్తాను, ఇక్కడికి పంపండి.

ప్రశ్న: అధికారి పేరు రాయక్కర్లేదన్నారు. మరి రాసేవాళ్ల పేరు కూడా లేకుండా రాస్తే? మా ఊళ్లో ఒక అక్రమం జరుగుతోంది. పేరు పెడితే బతకనివ్వరు.
— పేరు వద్దు

జవాబు: అంటే ఆకాశరామన్న ఉత్తరం. మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఆ ఉత్తరాలకు విలువ తక్కువ. కేంద్ర ఉద్యోగుల మీద వచ్చే పేరులేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లోనే చెప్పింది. ఆ తర్వాత 2004లో ఇంకో దారి తెరిచారు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో అవినీతి గురించైతే, పేరు కవరు మీద రాయకుండా లోపల రాసి అదే కమిషన్‌కు పంపితే పేరు బయటపెట్టరు. మీది ఊరి సంగతి అంటున్నారు కాబట్టి నలుగురు కలిసి సంతకాలు పెట్టి ఇవ్వడం నయం. నలుగురిలో ఒకరిని పట్టుకోవడం కష్టం.

పేరు దాస్తే తెలియదన్న నమ్మకం కూడా పెట్టుకోకండి. మా ఆఫీసుకు రెండు మూడు నెలలకోసారి ఒక ఆకాశరామన్న రాసేవాడు. సంతకం ఉండదు, ఊరు ఉండదు, ఒక్కోసారి పోస్టు వేసే ఊరు కూడా మార్చేవాడు. కాకపోతే మొదటి లైనులో ప్రతిసారీ ‘గౌరవనియులైన’ అని ‘ని’కి దీర్ఘం లేకుండా రాసి, ‘గారికి’ తర్వాత రెండు చుక్కలు, ఒక గీత పెట్టేవాడు. అదే దీర్ఘం లేని ‘ని’, అవే రెండు చుక్కలు, అదే గీత నాకు ఇంకో చోట కూడా కనిపించేవి: మా ఆఫీసులోనే, మూడో టేబుల్ నుంచి వచ్చే సెలవు చీటీల మీద. ఎవరికీ చెప్పలేదు. కాకపోతే ఒకరోజు ఆయన చీటీ నా ముందు పెట్టినప్పుడు, పెన్సిల్‌తో ఆ దీర్ఘం దిద్ది ఇచ్చాను. ఆకాశరామన్న దగ్గర నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు.